మాస్టారి జవాబులు: రాణి బొమ్మ రూపాయి, గిరి రోడ్డు, గవర్నరు జీతం

ముందు తప్పు ఒప్పుకుని మొదలుపెడతాను. పోయిన నెల ఇదే పేజీలో "చివరి వైస్రాయి రాజాజీ" అని రాసి పారేశాను. జయపురం నుంచి ఒక రిటైర్డు పోస్టుమాస్టరు గారు కార్డు ముక్క మీద నాలుగు చివాట్లు పెట్టారు: "మాస్టారూ, ముప్పై ఏళ్ళు పిల్లలకి చెప్పింది ఈ చరిత్రేనా?"

చివాట్లు న్యాయమైనవే. చివరి వైస్రాయి మౌంట్‌బాటన్. 1947 ఆగస్టు 15తో వైస్రాయి అన్న మాటకి కాలం చెల్లింది. ఆ రోజు నుంచి ఆయన కూడా ఉట్టి గవర్నర్ జనరలే. 1948 జూన్ 21న ఆ కుర్చీలోకి రాజాజీ వచ్చారు, 1950 జనవరి 26న రాజేంద్రప్రసాద్ రాష్ట్రపతి అయ్యేదాకా ఉన్నారు. కనక రాజాజీ చివరి గవర్నర్ జనరల్. స్వతంత్ర భారతంలో ఆ పదవి చేసిన భారతీయుడు ఆయనొక్కడే.

పనిలో పనిగా ఈ రెండు మాటల తేడా కూడా చెప్పేస్తాను, పోటీ పరీక్షల పిల్లలు మాటిమాటికీ అడుగుతుంటారు. గవర్నర్ జనరల్ అన్నది చట్టం పెట్టిన ఉద్యోగం. 1773 చట్టంతో పుట్టింది, వారన్ హేస్టింగ్స్ మొదటివాడు. అప్పుడది బెంగాలుకే. 1833 చట్టంతో యావత్ ఇండియాకీ అయింది. వైస్రాయి అన్నది 1858లో రాణి ప్రకటనలో వచ్చిన గౌరవ వాచకం, అంటే రాణి తరఫు మనిషి అని. మన వైపు ఆఫీసు కాగితంలో తహసీల్దారు అని ఉన్నా ఊళ్ళో "దొరగారు" అని పిలిచేవారు చూడండి, అలాగన్న మాట.

ఇక ఉత్తరాలు.

మా అవ్వ దండలో పదకొండు వెండి రూపాయలున్నాయి. ఏడింటి మీద "విక్టోరియా క్వీన్" అని, నాలుగింటి మీద "విక్టోరియా ఎంప్రెస్" అని ఉంది. ఒకే రాణికి రెండు పేర్లేటి మాస్టారూ? కంసాలి ఒక రకం నకిలీవి అంటున్నాడు. మా తోడికోడలూ నేనూ పంచుకోవాలి.
— గుణుపురం నుంచి ఒక గృహిణి

ముందు ఆ దండ కంసాలి చేతిలోంచి వెనక్కి తీసుకో అమ్మా. రెండు రకాలూ అసలువే.

1858లో ఈస్టిండియా కుంఫిణీ పోయి రాణి దొరతనం వచ్చింది. 1862 నుంచి నాణెం మీద కుంఫిణీ పేరు తీసేశారు, "క్వీన్" అన్నది మాత్రం ఉంచారు. 1876లో లండన్ పార్లమెంటు ఆవిడకి కొత్త బిరుదు ఇచ్చింది. 1877 జనవరి 1న ఢిల్లీలో లార్డ్ లిట్టన్ పెద్ద దర్బారు పెట్టి, ఇవాళ్టి నుంచి ఈవిడ ఇండియాకి చక్రవర్తిని అని చాటించాడు. ఆ ఏడాది నుంచి నాణెం మీద "క్వీన్" పోయి "ఎంప్రెస్" వచ్చింది. ఆ దర్బారు జరుగుతున్న రోజుల్లోనే మద్రాసు రాజధానిలో జనం కరువుకి పిట్టల్లా రాలిపోతున్నారు. నాణేనికి ఆ సంగతి తెలీదు, అది కిరీటాన్ని మాత్రం చూపిస్తుంది.

ఇంకో చిక్కుంది. నీ ఏడు క్వీన్ రూపాయల్లో ఎక్కువ వాటి మీద 1862 అనే ఉంటుంది. అన్నీ ఆ సంవత్సరంలో కొట్టినవని అనుకోకు. చాలా ఏళ్ళపాటు తేదీ మార్చకుండా 1862 అనే వేస్తూ పోయారు. ఏది ఎప్పటిదో నాణేలు సేకరించేవాళ్ళు వెనకవైపు సన్నటి చుక్కలు లెక్కపెట్టి చెబుతారు. కాబట్టి తేదీ చూసి "ఇది పాతది, నాకు కావాలి" అని తోడికోడలితో తగువు పెట్టుకోవద్దు. ప్రతి రూపాయీ ఒక తులం ఎత్తు, అంటే 11.66 గ్రాములు, పన్నెండు పాళ్ళలో పదకొండు పాళ్ళు వెండి. క్వీన్‌కీ ఎంప్రెస్‌కీ వెండిలో తేడా లేదు. పదకొండోది ఎవరికన్నది మీరిద్దరూ తేల్చుకోండి.

ఇంట్లో ఇంకెక్కడైనా ఐదో జార్జి రూపాయి ఉందేమో కూడా చూడు. 1911 అని ఉంటే రాజు ఛాతీ మీద, అంగీ మీద చిన్న ఏనుగు బొమ్మ వెతుకు. ఆ ఏనుగుకి తొండం పొట్టిగా, తోక కురచగా పడి అచ్చం పందిలా కనిపించింది. జనం గొడవ చేశారు. రాజు గుండెల మీద పంది ఏమిటని. 1912లో ఏనుగుని సరిగ్గా దిద్ది మళ్ళీ అచ్చు వేశారు. మా నాన్నగారి దగ్గర ఆ పంది రూపాయి ఒకటుండేది, నా చదువుకోసం అమ్మేశారు. ఎంతకమ్మారో అమ్మకి కూడా చెప్పలేదు.

ఆరో జార్జి రూపాయలైతే తిప్పి సంవత్సరం చూడు. 1940 నుంచి సగమే వెండి. 1947 రూపాయిలో వెండి అసలే లేదు. అది నికెలు, వెనక పులి బొమ్మ ఉంటుంది. ఆ ఏడాదే స్వాతంత్ర్యం వచ్చింది కానీ నాణెం మీద రాజు తల పోలేదు. ఎలా పోతుంది? 1950 దాకా కాగితం మీద మన రాజు ఆయనే. "చక్రవర్తి" అన్న బిరుదు మాత్రం 1948 జూన్‌లో వదులుకున్నాడు. 1950లో రాజు తల ఉన్న చోటికి అశోకుడి సింహాలు వచ్చి కూర్చున్నాయి. అంతకు ముందు పుట్టిన వాళ్ళు, మా ఇంట్లో మా అక్క సహా, రాజు తలతో బొమ్మా బొరుసూ ఆడినవాళ్ళే.

పర్లాకిమిడి ఒక్క రాత్రిలో రాష్ట్రం మారిందని మా తాతగారు అనేవారు. ఆ రోజు మాకు గవర్నరు ఎవరు? మా మహారాజా వారు ఒరిస్సాకి ప్రధానమంత్రి చేశారంటారు, ఇప్పటి పిల్లలు నమ్మడం లేదు.
— పర్లాకిమిడి నుంచి ఒక ఉపాధ్యాయుడు

తాతగారు చెప్పింది అక్షరాలా నిజం. 1936 మార్చి 31 రాత్రి మీ తాతగారు నిద్రపోయినప్పుడు ఆయన గవర్నరు మద్రాసులో ఉన్న లార్డ్ ఎర్‌స్కిన్. ఏప్రిల్ 1 పొద్దున లేచేసరికి కటకంలో ఉన్న సర్ జాన్ ఆస్టిన్ హబ్బక్. హబ్బక్ చేత ప్రమాణం చేయించింది పాట్నా హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ కోర్ట్నీ టెరెల్, చేయించిన చోటు కటకం రావెన్‌షా కాలేజీ హాలు. కొత్త రాష్ట్రానికి సొంత హైకోర్టు లేదు, అది 1948లో వచ్చింది. అసెంబ్లీ భవనం లేదు, సెక్రటేరియట్ లేదు. ఆరు జిల్లాలతో, అరువు తెచ్చుకున్న జడ్జితో, కాలేజీ హాల్లో ఒక రాష్ట్రం పుట్టింది.

పర్లాకిమిడి దాంట్లో చేరడం మొదట్నుంచీ తేలిన సంగతి కాదు. 1933లో లండన్ వాళ్ళు వేసిన శ్వేతపత్రంలో పర్లాకిమిడీ లేదు, జయపురం ఎస్టేటూ లేదు. తర్వాత పార్లమెంటు జాయింట్ కమిటీ దగ్గర మళ్ళీ కథ మారింది. జయపురం ఎస్టేటు, మాలియాలనే కొండ ప్రాంతాలు, పర్లాకిమిడి ఊరు, దాంతోపాటు ఎస్టేటులో ఒక చిన్న ముక్క ఇటు వచ్చాయి. ఎస్టేటులో పెద్ద భాగం అటే ఉండిపోయింది. అందుకే మీరు గుణుపురం రైలెక్కి నౌపడా వైపు వెళితే మీ స్టేషను దాటగానే వచ్చే పాతపట్నం ఆంధ్రలో ఉంటుంది. రైలు 1900లోనే వేశారు, సరిహద్దు గీత 1936లో గీశారు. రైలు పట్టాల ముందు గీత కొత్త చుట్టం. గిడుగు రామమూర్తి పంతులు గారు మీ ఊళ్ళో పిల్లలకి పాఠాలు చెబుతూ, సవరల భాషకి వ్యాకరణం రాస్తూ బతుకంతా గడిపి, ఆ 1936లోనే ఇల్లు ఎత్తుకుని రాజమండ్రి వెళ్ళిపోయారు.

ఇందులో నన్ను ఎప్పుడూ గుచ్చే ముల్లు ఇంకొకటుంది. ఏప్రిల్లో మనం మద్రాసు నుంచి విడిపోయాం. జూన్‌లో ఎర్‌స్కిన్ సెలవు మీద వెళితే అక్టోబరు దాకా మద్రాసు గవర్నరు కుర్చీలో కూర్చున్నది ఎవరనుకున్నారు? సర్ కూర్మా వెంకటరెడ్డి నాయుడు. తెలుగాయన. రెండున్నర నెలల తేడాలో మనకి ఆ ముచ్చట తప్పిపోయింది.

ఇక మహారాజా వారి సంగతి. 1937 ఎన్నికల్లో ఒరిస్సాలో కాంగ్రెసు గెలిచింది. గెలిచీ మంత్రివర్గం వెయ్యనంది. కారణం గవర్నరే. 1935 చట్టం గవర్నరు చేతిలో "ప్రత్యేక బాధ్యతలు" అని ఒక కత్తి పెట్టింది, మంత్రుల్ని పక్కకి నెట్టి తనే నిర్ణయం చేసేయొచ్చు. ఆ కత్తి దుయ్యనని మాటిస్తేనే వస్తామని కాంగ్రెసు భీష్మించింది. ఆ సందులో హబ్బక్ మీ మహారాజా కృష్ణచంద్ర గజపతి నారాయణదేవ్ గారిని పిలిచి 1937 ఏప్రిల్ 1న మంత్రివర్గం వేయించాడు. అప్పట్లో రాష్ట్ర ముఖ్యమంత్రినే ప్రధానమంత్రి అనేవారు. కనక ఒరిస్సా మొదటి ప్రధానమంత్రి మీ ఊరాయనే, పిల్లలతో ధైర్యంగా చెప్పండి. బలం లేని ప్రభుత్వం కాబట్టి జూలైలో దిగిపోయారు. మళ్ళీ 1941 నుంచి 1944 దాకా చేశారు.

1937 జూలైలో ఆయన దిగిపోయాక వచ్చిన బిశ్వనాథ్ దాస్ మా గంజాం జిల్లా మనిషి. 1938లో హబ్బక్ సెలవు మీద వెళతానన్నాడు, బదులుగా డెయిన్ అనే రెవెన్యూ కమిషనర్ని గవర్నరుగా కూర్చోబెట్టాలని ఏర్పాటైంది. మంత్రివర్గం అడ్డం తిరిగింది. నిన్నటిదాకా మంత్రుల కింద ఫైళ్ళు పట్టుకు నిలబడ్డవాడు రేపు మంత్రులకి పైవాడవుతాడా అని రాజీనామాకి సిద్ధపడ్డారు. హబ్బక్ సెలవు మానుకున్నాడు. లండన్ పంపిన గవర్నరు సెలవుచీటీని ఒక గంజాం వకీలు చింపించాడని మా ఇంటి అరుగుల మీద చాలా ఏళ్ళు చెప్పుకున్నారు. ఇదే దాస్ గారు 1962లో తనే గవర్నరై ఉత్తరప్రదేశ్ వెళ్ళారు.

ఇంకొక్క ముక్క. తెల్లదొరల కాలంలో ఒరిస్సా చివరి గవర్నరు తెల్లవాడు కాదు, చందూలాల్ త్రివేది. 1953 అక్టోబరు 1న కర్నూలులో ఆంధ్ర రాష్ట్రం పుడితే దానికి మొదటి గవర్నరూ ఆయనే. గీతకి ఇటూ అటూ ఒకే సంతకం.

వి.వి. గిరి గారు సిలోనులో మన "హైకమిషనర్" అని చదివాను. రాయబారి అనకుండా ఇదేమిటి?
— ఇచ్ఛాపురం నుంచి ఒక పాఠకుడు

రాయబారిని ఒక రాజు ఇంకో రాజు దగ్గరికి పంపుతాడు. 1947లో మన రాజూ సిలోను రాజూ ఒకడే, ఆరో జార్జి. తన దగ్గరికి తనే రాయబారిని ఎలా పంపుకుంటాడు? అందుకని వేరే మాట పెట్టారు. రాజు పోయినా కామన్వెల్తు దేశాల మధ్య ఆ మాట ఇంకా నడుస్తోంది. సిలోను వాళ్ళు మనకంటే చాలా కాలం రాణిని ఉంచుకున్నారు. 1972లో వద్దనుకుని శ్రీలంక అయ్యారు. చివరి గవర్నర్ జనరల్ గోపల్లవ గారే మొదటి అధ్యక్షుడయ్యారు. మనిషి కదల్లేదు, తలుపు మీద పలక మారింది.

గవర్నరు రబ్బరు స్టాంపే గదా. ఇంత ఖర్చు పెట్టి రాజ్‌భవన్లు ఎందుకు? ఎత్తేస్తే పోలేదా?
— రాయగడ నుంచి ఒక యువకుడు

బాబూ, నీ ఉత్తరం కవరు వెనక నీ చిరునామాలో "ఏజెన్సీ ఏరియా" అని నువ్వే రాశావు. ఆ ఏజెన్సీ అన్న మాట ఎక్కడిదో ఎప్పుడైనా ఆలోచించావా? గ్యాసు ఏజెన్సీ, పేపరు ఏజెన్సీ లాంటిది కాదది. అది గవర్నరు ఏజెంటు తాలూకు ఏజెన్సీ.

1830ల్లో పర్లాకిమిడి, ఘుముసర కొండల్లో తిరుగుబాట్లు లేచాయి. మద్రాసు వాళ్ళు జార్జి రస్సెల్ అనే అధికారిని సర్వాధికారాలిచ్చి పంపారు. ఊళ్ళు తగలబెట్టారు, ఉరితీశారు, ఆ కథ ఇక్కడ చాలదు. భంజనగర్‌కి ముసలాళ్ళు ఇప్పటికీ రస్సెల్‌కొండ అంటారే, అది ఈయన పేరే. (ఈ రస్సెల్ 1837 మార్చిలో మద్రాసుకి తాత్కాలిక గవర్నరయ్యాడు. ఎన్నాళ్ళనుకున్నావు? రెండు రోజులు. కొత్త గవర్నరు ఓడ దిగేశాడు. ఊరికి పేరు మిగిలింది, చేసిన ఉద్యోగం మాత్రం శనాదివారాల పాటిది.) ఆయన రాసిన నివేదిక ఫలితంగా 1839లో 24వ చట్టం వచ్చింది. గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలకి మామూలు కోర్టులు, మామూలు చట్టాలు వర్తించవు, అక్కడ కలెక్టరు "గవర్నరు ఏజెంటు"గా నేరుగా పాలిస్తాడు అని. అప్పట్నుంచీ మైదానంలో ఆయన కలెక్టరు, కొండెక్కితే ఏజెంటు. మన నోళ్ళలో ఆ కొండలే ఏజెన్సీ అయిపోయాయి. చట్టాలు ఎన్ని మారినా ఆ మాట మాత్రం చావలేదు.

ఇప్పుడు నీ ప్రశ్నకి వస్తాను. మైదానంలో గవర్నరు రబ్బరు స్టాంపు అన్నావు, సరే, చాలామట్టుకు ఒప్పుకుంటాను. మంత్రులు చెప్పినట్టు సంతకం పెడతాడు, పండక్కి జెండా ఎగరేస్తాడు. కానీ నీ రాయగడ రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు కింద, అంటే గిరిజన ప్రాంతాల లెక్కలో ఉంది. ఆ షెడ్యూలు ప్రకారం పార్లమెంటు చేసిన చట్టమైనా సరే, అసెంబ్లీ చేసిందైనా సరే, ఈ కొండల్లో ఇది చెల్లదు అని గవర్నరు ఒక్క ప్రకటనతో ఆపగలడు. అసెంబ్లీతో పని లేకుండా, గిరిజన సలహా మండలిని సంప్రదించి, తనే రెగ్యులేషన్ చెయ్యగలడు. దానికి రాష్ట్రపతి ఆమోదం కావాలి, అంతే. మంత్రుల మాట మీద చెయ్యాలా, సొంతంగా చెయ్యాలా అన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది. నన్నడిగితే ఆ అధికారాన్ని వాడినదానికంటే వాడకుండా బూజు పట్టించిందే ఎక్కువ. అయినా అది చచ్చిన అధికారం కాదు.

ఎలా తెలుసంటావా? మా ఇంట్లోనే తగిలింది. మా చినమామ మీ గుణుపురం దారిలోనే చింతపండు, పిప్పళ్ళ వ్యాపారం చేసేవాడు. పల్లంలో నాలుగెకరాల మడి మీద మనసు పడ్డాడు. గిరిజనుల భూమి ఇతరులు కొనకూడదని 1917 నాటి మద్రాసు చట్టం దగ్గర్నుంచీ ఉంది. దాని మీద 1956లో ఒరిస్సా గవర్నరు పేరుతో రెండో నంబరు రెగ్యులేషన్ వచ్చింది, అనుమతి లేకుండా కొన్న కొనుగోలు చెల్లదు. మామ ఏం చేశాడు? తన దగ్గర పనిచేసే సవర పాలేరు పేరు మీద రాయించాడు. డబ్బు తనది, పేరు వాడిది. ఇరవై ఏళ్ళు దున్నుకున్నాడు. పాలేరు పోయాడు, కొడుకు కాస్త చదువుకున్నవాడు, కాగితం చేతిలో పెట్టుకుని అడిగాడు: "బాబూ, ఈ భూమి మా అయ్యది కదా?" మామ ప్లీడర్ల చుట్టూ తిరిగాడు. ఒక ప్లీడరు గారు ఫీజు తీసుకుని నిజం చెప్పాడు: "నువ్వు కోర్టుకి వెళితే ఆ భూమి నీదని కాదు, నువ్వు చేసింది నేరమని రుజువవుతుంది." మామ ఇంటికొచ్చి మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నాలుగో రోజు మా అమ్మతో అన్నమాట నాకు గుర్తుంది: "ఎవడో గవర్నరట, పేరేటో కూడా తెలీదు, నా నాలుగెకరాలూ పట్టుకుపోయాడే అక్కా."

అమ్మ ఏమీ అనలేదు. నాకు మాత్రం భూమి వెళ్ళాల్సిన చోటికే వెళ్ళిందనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది. 2002లో ఆ రెగ్యులేషన్ ఇంకా బిగించారు, అనుమతితో కూడా గిరిజనేతరుడికి అమ్మకూడదని. రాజ్‌భవన్లో పూలకుండీలు తగ్గించమను, నేనూ సంతకం పెడతాను. కుర్చీ ఎత్తెయ్యమనే ముందు నీ కొండకి ఒకసారి తిరిగి చూసి చెప్పు.

మా పాప గిరి రోడ్డు అంటే కొండకి వెళ్ళే దారి అనుకుంటోంది. నవ్వొచ్చింది, కానీ నాకూ ఆయన గురించి రాష్ట్రపతి అన్నదానికి మించి తెలీదు. మీరు చూశారా ఆయన్ని?
— బరంపురం నుంచి ఒక తల్లి

చూడలేదమ్మా. విన్నాను, రేడియోలో.

వరాహగిరి వెంకటగిరి గారు 1894 ఆగస్టు 10న మన బరంపురంలో పుట్టారు. తండ్రి జోగయ్య పంతులు గారు గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడ వకీలుగా స్థిరపడ్డారు. ఖల్లికోట కాలేజీలో చదివి, లా చదవడానికి ఐర్లండ్ వెళ్ళి, అక్కడి విప్లవకారులతో కలిసి, 1916లో వెళ్ళగొట్టించుకుని వచ్చారు. తర్వాత రైల్వే కార్మికుల యూనియన్లు. 1952లో పాతపట్నం నుంచి ఎంపీ, నెహ్రూ దగ్గర కార్మిక మంత్రి. 1954లో బ్యాంకు ఉద్యోగుల జీతాల తీర్పును ప్రభుత్వం మార్చిందని రాజీనామా ఇచ్చేశారు. ఈ బ్యాంకుల ముక్క గుర్తుపెట్టుకో, మళ్ళీ వస్తుంది.

1957లో పార్వతీపురం నుంచి నిలబడి డిప్పల సూరిదొర అనే గిరిజన నాయకుడి చేతిలో 565 ఓట్లతో ఓడిపోయారు. రెండు సీట్ల నియోజకవర్గం అది, ఒకటి జనరలు, ఒకటి రిజర్వుడు. రెండూ గిరిజనులే గెలుచుకున్నారు. జనరలు సీటు ఎలా ఇస్తారని గిరి గారు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1959లో అక్కడా ఓడారు. ఈలోగా ఉత్తరప్రదేశ్ గవర్నరు అయిపోయారు. ఓడినవాళ్ళకి గవర్నరుగిరీ అన్నది ఇవాళ మొదలైన సంప్రదాయం కాదని చెప్పడానికి ఇది రాస్తున్నాను, ఆయన మీద గౌరవం తగ్గి కాదు. తర్వాత కేరళ. అక్కడ 1965లో ఎన్నికైన శాసనసభ ఒక్క రోజైనా కూర్చోకుండా రద్దయింది, గిరి గారి నివేదిక మీదే. ఆ పైన మైసూరు, 1967లో ఉపరాష్ట్రపతి.

1969 మే 3న జాకిర్ హుస్సేన్ గారు పోయారు. గిరి గారు తాత్కాలిక రాష్ట్రపతి. జూలై 19న పధ్నాలుగు బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్సు మీద సంతకం పెట్టారు, మర్నాడు రాజీనామా చేసి రాష్ట్రపతి పదవికి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడ్డారు. పదిహేనేళ్ళ కింద బ్యాంకుల మీద ప్రభుత్వంతో పేచీ పడి పదవి వదిలిన మనిషి, బ్యాంకులు ప్రభుత్వం చేతికిచ్చి ఇంకో పదవి వదిలాడు. ప్రధాన న్యాయమూర్తి హిదాయతుల్లా నెల రోజుల పైచిలుకు రాష్ట్రపతి పని చూశారు.

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు, నేనూ ఖల్లికోట కాలేజీలోనే బి.ఏ. ఆగస్టు 20న లెక్కింపు. స్టేషను దగ్గర టీ దుకాణంలో మర్ఫీ రేడియో చుట్టూ జనం. కాంగ్రెసు అధికార అభ్యర్థి నీలం సంజీవరెడ్డి, ఆయనా తెలుగువాడే. ఇందిరాగాంధీ అంతరాత్మ చెప్పినట్టు ఓటెయ్యండి అంది. నేను గిరి పక్షం, నా బెంచీ స్నేహితుడు రెడ్డి పక్షం, పందెం రెండు ప్లేట్ల ఇడ్లీ బరా. టీ దుకాణం ఆయన విసుక్కున్నాడు: "ఏ గుంటడు గెలిస్తే ఏటి, ఇద్దరూ మనోళ్ళే. టీ చెప్పండి ముందు."

మొదటి లెక్కలో గిరికి 4,01,515, రెడ్డికి 3,13,548, మూడో అభ్యర్థి సి.డి. దేశ్‌ముఖ్‌కి 1,12,769. నేను ఎగిరి గంతేశాను. కానీ గెలవాలంటే 4,18,169 కావాలి. అప్పుడు రెండో ప్రాధాన్యం ఓట్లు లెక్కపెట్టారు. దేశ్‌ముఖ్ ఓట్లు ఎక్కువ రెడ్డికే పోయాయి. ఆయన అంకె పాకుతూ 4,05,427 దాకా వచ్చింది. గిరి 4,20,077 దగ్గర ఒడ్డెక్కారు. గెలుపుకి కావలసినదాని మీద మిగులు 1,908. అప్పట్లో ఒక ఎంపీ ఓటు విలువ 576, అంటే నలుగురు ఎంపీల పాటి కూడా కాదు. రెండో ప్రాధాన్యం లెక్కతో తేలిన రాష్ట్రపతి ఎన్నిక అదొక్కటే. స్నేహితుడు ఒక ప్లేటే ఇప్పించాడు. మొదటి లెక్కలో నువ్వు గెలవలేదు కాబట్టి సగం పందెమే అన్నాడు. తర్వాత జడ్జీ అయ్యాడు.

ఆ ఎన్నిక చెల్లదని కేసు పడితే 1970లో పదవిలో ఉన్న రాష్ట్రపతి స్వయంగా సుప్రీంకోర్టుకి వచ్చి సాక్ష్యం ఇచ్చారు. రానని అనొచ్చు, అనలేదు. ఆయన జీవితంలో నాకు బాగా నచ్చిన రోజు అదే. ఆ తర్వాత నాలుగేళ్ళూ ఇందిరాగాంధీ పంపిన ప్రతి కాగితం మీదా సంతకం పెట్టారన్న విమర్శ ఉంది, అబద్ధం అనలేను. మన ఊరి రోడ్డుకి ఆయన పేరుందని ఆ మాట దాచను. పాపకి మాత్రం కొండ కాదు, మనిషి అని చెప్పు.

గవర్నరు గారికి జీతం ఎంత? బ్రిటిష్ గవర్నరుకి ఎంత ఇచ్చేవారు?
— ఛత్రపురం నుంచి ఎనిమిదో తరగతి విద్యార్థి

నాయనా, ఇంతమంది పెద్దవాళ్ళు అడగని మంచి ప్రశ్న నువ్వడిగావు. ఇప్పుడు నెలకి మూడున్నర లక్షలు, 2018లో పెంచారు. రాష్ట్రపతికి ఐదు లక్షలు.

1935 చట్టం చివర ఒక పట్టిక ఉంది. ఏడాదికి గవర్నర్ జనరల్‌కి 2,50,800 రూపాయలు. మద్రాసు, బొంబాయి, బెంగాలు, సంయుక్త రాష్ట్రాల గవర్నర్లకి 1,20,000. అన్నిటికంటే అడుగున అస్సాం, సింధు, వాయవ్య సరిహద్దు, ఒరిస్సా: 66,000. అంటే మీ ముత్తాత మద్రాసు నుంచి ఒరిస్సాలోకి వచ్చినప్పుడు లక్షా ఇరవై వేల గవర్నరు పోయి అరవయ్యారు వేల గవర్నరు వచ్చాడు.

1950లో మన రాజ్యాంగం రాసినవాళ్ళు రాష్ట్రపతికి నెలకి 10,000, అన్ని రాష్ట్రాల గవర్నర్లకీ ఒకటే, నెలకి 5,500 అని పెట్టారు. పలకా బలపం తీసుకుని రెండిటినీ పన్నెండుతో హెచ్చవేసి, పై పట్టికలో ఎవరెవరి పక్కన పడతాయో చూసి నాకు రాయి.